మొదటి ముద్దకే

నిన్న సాయంత్రం నా గదిలో ఉన్నవి: ఒక కిరోసిన్ స్టవ్, ఒక బాణలి, తరిగిన సగం సొరకాయ, గుప్పెడు నువ్వులు, ఒక నిమ్మకాయ, రెండు జొన్న రొట్టెలు, నేను. నువ్వులు చిటపటలాడి, ఎర్రబడి, మాడబోయే ముందు వచ్చే కమ్మటి వాసన గది నిండా పరుచుకోగానే చేతిలో గరిటె ఆగిపోయింది. చిక్కడపల్లి గ్రంథాలయం వెనక సందులో, విమలక్క ఇంటి మేడ మీద, ఆ వాసన మొదటిసారి తగిలి నాలుగేళ్లవుతోంది. ఆ రోజు ఆకలి వేసింది. నిన్న సిగ్గు వేసింది.

విమలక్క మా ఇంటి ఓనరు. యాభై దాటిన మనిషి, ఒక ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టు. ఆమె భర్త సుదర్శన్ సార్ నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. వాళ్లకు పిల్లలు లేరు. మేడ మీది ఒంటి గదిలో నేనూ, సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదువుకునే రాజేశమన్నా కిరాయికి ఉండేవాళ్లం. కింద వెనక పోర్షన్‌లో సబితక్క, ఆమె భర్త, ఆమె అత్తగారు ఉండేవారు. నేను అప్పటికి డిప్లొమా పూర్తి చేసి, కరెంటు మీటర్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో చేరాను. బల్ల మీదికి వచ్చిన ప్రతి మీటరుకూ పాస్ చీటీయో ఫెయిల్ చీటీయో అంటించడం నా పని. ఆ పని నాకు ఎంతగా నచ్చిందంటే, సాయంత్రం ఇంటికి వచ్చాక కూడా చీటీలు అంటిస్తూనే ఉండేవాణ్ణి.

నెలలో ఆఖరి ఆదివారం సాయంత్రం అందరం మేడ మీద చాపలు పరుచుకుని కూర్చోవడం ఆ ఇంటి ఆచారం. ఆ నెలలో చదివిన వాటిలో నచ్చింది ఒకటి, చూసిన వాటిలో నచ్చింది ఒకటి చెప్పాలి. వంతు వచ్చిన వాళ్లు ఆ నెల ఇంట్లో కొత్తగా కనిపెట్టిన వంట ఏదైనా చేసి అందరికీ పెట్టాలి. చదువు రాని సబితక్క అత్తగారు టీవీలో చూసింది చెప్పేవారు. రాజేశమన్న పరీక్ష పుస్తకాల్లోంచే ఏదో ఒక వింత వెతికి తెచ్చేవాడు. అన్నిటికీ కలిపి విమలక్క పెట్టిన నియమం ఒక్కటే. పూర్తయ్యే దాకా దాని గురించి మాట్లాడకూడదు. పుస్తకమైతే చివరి పేజీ దాకా, కూరైతే పళ్లెం ఖాళీ అయ్యే దాకా.

నేను మొదటిసారి కూర్చున్న రోజు గ్రంథాలయంలో తెచ్చుకున్న నవల గురించి చెప్పాను. ఇరవై పేజీలు చదివి వదిలేశాననీ, పదికి నాలుగు మార్కులు ఇస్తాననీ అన్నాను.

“ఇరవై పేజీలకే నాలుగు మార్కులేసినవా? మిగిలిన రెండొందల పేజీలు ఎవరు చదువుతరు, నేనా?” అంది విమలక్క.

“మొదలు చూస్తే తెలిసిపోతుందక్కా. మా దగ్గరికి బయటి నుంచి మీటర్ల సామాన్ల పెట్టె వస్తే రెండు తీసి చూస్తం. బాగలేకపోతే పెట్టె మొత్తం వాపస్.”

“రాసినాయన మీటర్లు జేస్తడా బాబూ? పో, మొత్తం చదివి రా. గప్పుడు నీ మాట వింట.”

అందరూ నవ్వారు. సుదర్శన్ సార్ నాకు ‘ఇన్‌స్పెక్టర్ సాబ్’ అని పేరు పెట్టింది ఆ రోజే. నేను పంతం కొద్దీ నవల పూర్తిచేశాను. నూరో పేజీ దాటాక అది నన్ను పట్టుకుంది. రెండు సాయంత్రాలు గ్రంథాలయం మూసేవాళ్లు వచ్చి లేపితే గానీ కుర్చీ వదల్లేదు. మరుసటి నెల ఆ మాట చెప్పి, ఇప్పుడు పదికి ఎనిమిది అన్నాను. “మార్కులు ఎవరడిగిండ్రు? నూరో పేజీ కాడ ఏమైందో అది చెప్పు,” అంది విమలక్క. చెప్పడం మొదలుపెట్టాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పుస్తకం గురించి తీర్పు కాకుండా పుస్తకం గురించి మాట్లాడటం నాకు అంతకుముందు తెలియదు.

సినిమాలు సుదర్శన్ సార్ వంతు. క్రాస్ రోడ్స్ థియేటర్లలో మొదటి ఆటకు వెళ్లి వచ్చి, ఆ సినిమా మొత్తం మేడ మీద మళ్లీ ఆడించేవారు. తువ్వాలు తలకు చుడితే నాయకుడు, భుజాన వేస్తే నాయిక తండ్రి. వర్షం పడే చప్పుడు నోటితో చేస్తుంటే సబితక్క అత్తగారు ఆరేసిన బట్టల వైపు చూసేవారు. కానీ ముగింపు మాత్రం వెంటనే చెప్పేవారు కాదు. “ఆఖరు రీలు గిన్నెలు కడిగినంకనే,” అని అందరికంటే ముందు పళ్లెం అందుకునేవారు. ఆయన తినడం కూడా చూడదగ్గ సంగతే. ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని, తల మెల్లగా ఊపేవారు.

ఆ ఏడు వానాకాలం నుంచి ఆ దృశ్యం ఆగిపోయింది. సినిమా చెప్పేవారు, వడ్డన మొదలు కాగానే లేచేవారు. “నాకు ఆకలైతలేదు. మీరు కానియ్యుండ్రి,” అని మెట్లు దిగిపోయేవారు. ఆఖరు రీలు చెప్పడానికి మళ్లీ పైకి వచ్చేవారు కాదు. సగం సినిమాతోనే నెల గడిచేది. ఆయన ముఖం ఉబ్బినట్టుండటం, మెట్ల మీద ఆగి ఆగి ఎక్కడం నేను చూశాను. చూసినదాన్ని దేనికీ కలపలేదు. ఒక మీటరులో ముల్లు వెంట్రుకవాసి పక్కకు ఉంటే పట్టుకునే కళ్లు నావి.

దసరా దాటాక వచ్చిన ఆఖరి ఆదివారం వంట వంతు విమలక్కది. ఆ రోజు వడ్డన మొదలైనా సార్ లేవలేదు. గోడకు ఆనుకుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. చాలా నెలల తర్వాత ఆయన చేతిలో పళ్లెం చూసి సబితక్క సంబరపడింది. “ఏంది సార్, ఇయ్యాల ఆకలైందా?” అంటే, “మీ అక్కతోని పందెం కాసిన,” అని నవ్వారు. ఏం పందెమో చెప్పలేదు. విమలక్క ఒక్కొక్కరికీ జొన్న రొట్టె, దాని మీద నువ్వుల పొడి చల్లిన సొరకాయ కూర వేసింది. తన పళ్లెం పెట్టుకుని, తినకుండా మా ముఖాల వైపు చూస్తూ కూర్చుంది.

నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. మింగక ముందే అన్నాను.

“అక్కా, ఉప్పు మర్చిపోయిండ్రు.”

సబితక్క అత్తగారు, “అవు బిడ్డా, జర చప్పగనే ఉన్నది,” అన్నారు, ఎవరో ఒకరు అన్నందుకు తేలికపడినట్టు. నేను లేచి మా గదిలోంచి ఉప్పు సీసా తెచ్చాను. ముందు నేను వేసుకుని పక్కకు అందించాను. “ఉప్పు లేకుంటే పదికి మూడు, ఉన్నంక ఏడు,” అని కూడా అన్నాను. నవ్వారు. సీసా చేతులు మారుతూ సార్ దగ్గరికి వెళ్లింది. ఆయన మూత తీయకుండానే విమలక్కకు ఇచ్చారు. ఆమె దాన్ని కాసేపు పట్టుకుని, చాప పక్కన పెట్టింది.

“మోటరు బంద్ చేసొస్త,” అని సార్ లేచారు. పళ్లెంలో రొట్టె సగం మిగిలి ఉంది.

ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు లేదు. అది నాకు తెలుసు. తెలిసినది చెప్పకుండా ఉండటం నాకు చేతకాదు.

“సార్, మోటరు నడుస్తలేదు,” అన్నాను.

ఆయన మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, “అట్లనా,” అన్నారు. దిగిపోయారు. ఆ రాత్రి నేను కూరను కాపాడానన్న తృప్తితో నిద్రపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఉప్పు కన్నా ఆ నిద్రే ఎక్కువ బాధిస్తుంది.

పొద్దున నల్లా దగ్గర బిందెలు నింపుతుంటే రాజేశమన్న చెప్పాడు. సార్ మందులు తెచ్చిపెట్టేది అతనే.

“సార్‌కు గుండె కమ్‌జోర్ అయింది. డాక్టరు ఉప్పు ముట్టొద్దన్నడు. నీకు ఎర్కలేదా?”

“నిన్ననే ఎందుకు చెప్పలేదన్నా?”

“నువ్వు సీసా వట్టుకొచ్చినవ్, నా చేతిల పెట్టినవ్. నేను గూడ ఏసుకుంటిని. ఏం జెప్పాలె?” అని బిందె ఎత్తుకున్నాడు.

నేను కిందికి వెళ్లేసరికి విమలక్క ఆఫీసుకు టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది. నన్ను చూసి ఆమే అంది, “ఉప్పు లేదన్నవ్. లేకుండె. అబద్ధమేం చెప్పలే గదా.”

“మీరు కావాలనే ఎయ్యలేదని తెల్వదక్కా.”

“తెల్వనియ్యలే. తెలిస్తే అందరు పాపమని తింటరు. ఆయనకు ఆ చూపు పడదు. విడిగ వండుకొని, విడిగ కూసొని తినుడు ఆయనకు శిక్షలెక్క అయింది. అందుకే నెల మొత్తం చూసిన. చింతపండుతోని చేసిన, ధనియాలతోని చేసిన. నువ్వులు జర ఎక్కువ ఏయించి నిమ్మకాయ పిండితే కుదిరింది. ఈ నెల నేను కనిపెట్టింది అదే.” డబ్బా మూత నొక్కి పెట్టింది. “పళ్లాలు ఖాళీ అయినంక చెప్దామనుకున్న, దీన్ల ఉప్పు లేదని. మొదటి ముద్దకే పట్టుకుంటరని ఆయన, పట్టుకోరని నేను. నేను గెలిస్తే నెలనెలా పైకొచ్చి అందరితోని తింటనన్నడు.”

కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

“ఆయనే గెలిచిండు,” అని చెప్పులేసుకుంది.

మరుసటి నెల నేను ఉప్పు లేకుండా పప్పుచారు కాచాను. రాజేశమన్నకు ముందే చెప్పి, అతను అందరికీ చెప్పేలా చేశాను. అందరూ నోరెత్తకుండా, చాలా శ్రద్ధగా తాగారు. సార్ సినిమా సగం చెప్పి, నా గిన్నె వైపు చూసి లేచారు. “ఇన్‌స్పెక్టర్ సాబ్, ఉప్పేసుకొని తాగుండ్రి. మీరు పరేషాన్ అయితుంటే నాకు ముద్ద దిగదు,” అన్నారు. గొంతులో కోపం లేదు. విమలక్క చెప్పిన చూపు అదేనని, మేమందరం ఆ చూపే చూస్తున్నామని అప్పుడు అర్థమైంది. తప్పు దిద్దుకోవాలన్న తొందర కూడా మొదటి ముద్ద తొందరలాంటిదే.

నేను ఆ ఇంట్లో ఉన్నంత కాలం ఆయన మళ్లీ మేడ మీద పళ్లెం పట్టుకోలేదు. ఎన్ని సినిమాలకు ఆఖరు రీలు వినకుండా ఉండిపోయామో. తర్వాత ఇంకో మీటర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి, దాని దగ్గరికి గది మార్చుకున్నాను. వెళ్లేటప్పుడు విమలక్క ఒక నవల చేతిలో పెట్టి, “మొత్తం చదివినంకనే రా,” అంది. చదివాను. వెళ్లి చెప్పాను కూడా. ఆమె ఎప్పటిలాగే విన్నది. ఆ ఆదివారం మాట నేనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

ఇప్పుడు నా కింద ఇద్దరు కుర్రవాళ్లు పనిచేస్తున్నారు. బల్ల మీది మీటరు చివరి పరీక్ష దాటే దాకా చీటీ మీద కలం పెట్టనివ్వను. వాళ్లు నన్ను చాదస్తుడనుకుంటారు. పుస్తకాలకు మార్కులు వేయడం మానేశాను. ఎవరి ఇంట్లోనైనా భోజనానికి కూర్చుంటే పళ్లెం ఖాళీ అయ్యే దాకా నా నోట మాట రాదు.

నిన్న ఆ కూర విమలక్క చెప్పినట్టే వండాను. రెండు రొట్టెలూ పూర్తిగా తిన్నాను. మొదట చప్పగానే ఉంది. నాలుగో ముద్దకు నిమ్మకాయ పులుపు, దాని వెనక నువ్వుల కమ్మదనం అందాయి. ఆ తర్వాత ఉప్పు గుర్తు రాలేదు. పందెం ఆమె గెలవాల్సింది.

ఆ ఆదివారం మేడ మీద కూర్చున్నది ఏడుగురం. ఉప్పు వేసుకున్నది ఐదుగురం.