గొంతు తగ్గినచోట

అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాదు విమానాశ్రయంలో నేను నడపబోయే తర్వాతి విమానానికి వాతావరణం కాగితాలు చూసుకుంటున్నాను. "అర్జీల తాత పోయినాడు పాపా," అంది. అమ్మే చెప్పుకుపోయింది. "పొద్దున ఆలూరు నుంచి వచ్చిన ఒకాయప్పకు అర్జీ రాసినాడు. గట్టిగా చదివించినాడు. మడిచి చేతిలో పెట్టినాడు. టీ చెప్పమన్నాడు. టీ వచ్చేసరికి కుర్చీలోనే పోయినాడు. పని మాత్రం ఏం మిగిల్చుకోలేదు చూడు." ఏడుస్తూనే ఆ చివరి మాట కాస్త గర్వంగా అంది. ఎనభై దాటిన మనిషి, పని ముగించుకుని పోయాడు. ఆ టీ కూడా తాగి పోయుంటే బాగుండేది అనిపించింది నాకు.

కర్నూలు కలెక్టరాఫీసు దగ్గరి వీధిలో మా అమ్మది జిరాక్స్ అంగడి. దాని ముందర రేకుల పంచలో తాత బల్ల ఉండేది. బల్లమీద తెల్లకాగితాలు, అవి గాలికి ఎగరకుండా ఒక నల్లటి కడపరాయి ముక్క. మాకు ఆయన బంధువు కాదు. పండగకు సేమ్యా పాయసం పంపే సాబుల ఇంటి పెద్దాయన, అంతే. కానీ నాకు పలక పట్టుకునే వయసు నుంచీ తాతే. పాసుబుక్కులో తప్పులు, ఆగిపోయిన పింఛన్లు, బోరుకు కరెంటు, బస్సు డ్రైవర్ల బదిలీలు, అన్నిటికీ ఆయనే రాసేవాడు. వచ్చినవాళ్లు ముత్తాత ఆస్తి పంపకాల దగ్గర మొదలుపెడితే చెయ్యెత్తి ఆపేవాడు. "మొదట ఏం కావల్లనో చెప్పప్పా. ఏడుపు తర్వాత పెట్టుకుందాం."

రాశాక ఊరికే ఇచ్చేవాడు కాదు. లేచి నిలబడి, బస్సు హారన్ల మధ్య, దారినపోయేవాళ్లకు వినబడేలా చదవమనేవాడు. చదువు రానివాళ్లకు తానే చదివి మళ్లీ చెప్పించేవాడు. "నీకే చదివేకి సిగ్గయితే ఆఫీసరు ఎట్ల చదువుతాడు?" అనేవాడు. మీసాలు తిప్పుకుంటూ వచ్చిన పెద్దమనుషులు కూడా ఆ పంచలో నిలబడి బడిపిల్లల్లా అప్పజెప్పడం నేను చూశాను. అదొక్కటి చూడ్డానికే బడి నుంచి పరిగెత్తుకొచ్చేదాన్ని.

నేను వాయుసేనలో చేరి సరుకు విమానాలు నడిపాను. మాది పద్నాలుగేళ్ల కొలువు, ఆ తర్వాత పింఛను లేదు. ఇంకా ఏడాదిన్నర ఉందనగా సెలవులో ఇంటికి వచ్చాను. అంగడిలో కూర్చుని ఉంటే తాత అడిగాడు, తర్వాత ఏం చేస్తావని. ప్రయాణికుల విమానాల కంపెనీల్లో ప్రయత్నిస్తానన్నాను.

"అర్జీ పెట్టినావా?"

"ఇప్పుడే ఎందుకు తాతా? ముందు ఈ కొలువు మర్యాదగా పూర్తి చేసి, ఇంటికొచ్చి, నింపాదిగా పెడతా."

తాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అంటే తిట్లు రాబోతున్నాయని వీధి అంతా ఎరుగును. "కొలువు అయిపోయినాక పెట్టేదాన్ని అర్జీ అనరు పాపా, అడుక్కునేది అంటారు. కుర్చీలో ఉండంగనే అడగల్ల. రిటైరయ్యే బడి అయివార్లకు గూడ ఏడాది ముందే రాసిస్తా నేను. కాగితం నడిచేకి టైం పడతాది. దానికి కాళ్లు ల్యావు, మనమే మోయల్ల."

యూనిఫాం వేసుకుని ఇంకో కొలువుకు రాసుకోవడం ద్రోహంలా ఉంటుందన్నాను. నిజంగా అలాగే అనుకునేదాన్ని. "దొంగతనంగా రాస్తే ద్రోహం. మీ పెద్దసారుకు చెప్పి, ఆయన సరే అని సంతకం పెట్టిన కాగితం తెచ్చుకుని రాయి. నువ్వు ఇంట్లో ఏడాది కూచుంటే నీ చేతులకు తుప్పు పడతాది. వాడే కొడవలినే పక్కోడు అడుక్కుంటాడు."

తాత విమానం చక్రమైనా దగ్గరి నుంచి చూసిన మనిషి కాదు. కానీ ఆయన చెప్పింది అక్షరాలా నిజమని తర్వాత తెలిసింది. పౌర లైసెన్సుకు పరీక్షలు, వైద్యపరీక్ష, విమానం నడిపిన గంటలకు పై అధికారి ధ్రువీకరించిన లెక్కపుస్తకం, నిరభ్యంతర పత్రం, ఒకదాని వెనక ఒకటి నెలలు మింగాయి. కంపెనీలు మొదట అడిగేది చివరిసారి ఎప్పుడు నడిపావని. నాతోపాటు బయటికొచ్చి, అప్పుడు మొదలుపెట్టిన స్నేహితుడొకడు ఏడాదికి పైగా ఇంట్లోనే కూర్చున్నాడు.

తర్వాతి సెలవుకు నా అర్జీ రాసుకుని తెచ్చి, ఇంగ్లీషు కాబట్టి తెలుగులో చెబుతూ వినిపించాను. దళం పేరు, మేము చేసిన సాహసాలు, మా పతకాలు, మధ్యమధ్యలో మా సేనవాళ్లకు తప్ప ఎవరికీ అర్థం కాని పొట్టి మాటలు. తాత చివరిదాకా విని, "దండు కనపడతాండాది. దీంట్లో నువ్వు యాడుండావు?" అన్నాడు.

ఆ మధ్యాహ్నం నన్ను కూర్చోబెట్టి బస్సు డ్రైవరును అడిగినట్టే అడిగాడు. మొత్తం ఎన్ని గంటలు? దాంట్లో బండి నీ చేతిలో ఉన్నవి ఎన్ని, పక్కన కూచున్నవి ఎన్ని? కొండల్లో ఎంత, వానలో ఎంత? "పక్కన కూచున్న గంటలు కలిపి పెద్దది చెయ్యొద్దు. ఒకప్పుడు ఆ కుర్చీలో కూచున్నోడే నీ అర్జీ చదివేది." మూడు పేజీలు ఒక పేజీ అయింది. మొదటి లైనులోనే ఏం కావాలో ఉంది.

అప్పుడు నన్ను లేచి చదవమన్నాడు. వాయుసేన అధికారిని, స్క్వాడ్రన్‌లో గట్టి గొంతున్నదాన్ని, రేకుల పంచలో నిలబడి చదివాను. జొన్నరొట్టెలు అమ్మే అవ్వ కూడా పని ఆపి విన్నది. చివర్లో తాత చెయ్యెత్తాడు.

"ఆగు. ఆడ గొంతు తగ్గింది."

"ఎక్కడ తాతా?"

"టైరు దెగ్గర. ఏం దాస్తాండావు?"

'సాంకేతిక కారణాల వల్ల టైరు దెబ్బతిన్న సంఘటన ఒకటి' అని రాశాను. జరిగింది వేరు. కొండల మధ్య చిన్న రన్‌వే. మళ్లీ పైకి లేపి తిరిగి రావాల్సింది, నేను మొండిగా దించాను. చక్రాలు ఆనాల్సిన చోటు దాటిపోయాక ఆనాయి. బ్రేకులు తొక్కితే టైరు పేలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. విచారణలో తప్పు నాదని తేల్చి ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు. అమ్మకు కూడా చెప్పని ఈ సంగతి ఆ రోజు వీధిలో చెప్పాను. అది రాస్తే నన్ను ఎవరూ పిలవరన్నాను.

"రాయకుంటే పిలుస్తారు," అన్నాడు తాత. "పిలిచి అడుగుతారు. అప్పుడు నీ మొగం చూస్తారు. నువ్వు మొగం దాచలేవు పాపా, చిన్నప్పటి నుంచీ చూస్తాండా."

నాకు కోపం వచ్చింది. నీకు విమానాల గురించి ఏం తెలుసన్నాను. ఆయన వేరే కాగితం మీద మూడు లైన్లు రాసి నా అర్జీ మీద పెట్టాడు: ఏం జరిగింది, అందులో నా తప్పేమిటి, అప్పటి నుంచి నేనేం మార్చుకున్నాను. నేను తీసుకున్నాను గానీ, తెప్పించిన టీ తాగకుండా వచ్చేశాను. ఆ బల్ల దగ్గర అంతకు మించిన అవమానం లేదు. ఈ రోజుకీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

స్థావరానికి తిరిగొచ్చాక నాలుగు రోజులు నా అర్జీ, తాత మూడు లైన్లు, రెండు కాగితాలూ ముందర పెట్టుకున్నాను. కొలువు ముగిసే రోజు దగ్గరపడుతోంది, ఇంటికి ఆధారం నేనే. అయిదో రోజు తలుపు వేసుకుని రెండూ గట్టిగా చదివాను. నాది చదువుతుంటే నా గొంతు తగ్గడం నాకే వినబడింది. నా టైరు మాట కొట్టేసి, తాత మూడు లైన్లను ఇంగ్లీషులో అక్కడ పెట్టి పంపి, ఆయనకు ఫోన్ చేశాను.

"పంపినా తాతా."

"ఏది?"

"నీది."

"నాది కాదు, నీదే. నేను చెవి పెట్టినానంతే. ఆ పొద్దు టీ నేనే తాగినాలే, రెండు గ్లాసులూ."

ఇంటర్వ్యూలో పెద్ద కెప్టెన్ మొదటి ప్రశ్నే టైరు గురించి అడిగాడు. చెప్పాను. ఆయన తల ఎత్తకుండా ఏదో రాసుకుని రెండో ప్రశ్నకు వెళ్లాడు. ఉద్యోగం వచ్చింది. ఆ మూడు లైన్ల వల్లే వచ్చిందో, వాటి వల్ల తప్పిపోబోయి వచ్చిందో నాకు తెలియదు. ఇంటర్వ్యూ ముందురోజు రాత్రి మాత్రం హాయిగా నిద్రపోయాను.

సంగతి చెప్పగానే తాత, "ఇంతవరకు గోనెసంచులు మోసినావు. ఇంక మనుషులు. సంచులు అర్జీలు పెట్టవు, మనుషులు పెడతారు. జాగ్రత్త!" అన్నాడు. అన్నట్టే మొదటి అర్జీ ఆయనే పెట్టాడు. ఒకసారి బతిమాలి నా విమానం ఎక్కించాను. దిగేటప్పుడు మెట్ల దగ్గర నా చేతిలో మడిచిన కాగితం ఉంచాడు. 'కెప్టెన్ గారి సముఖానికి: తమరు మైకులో మాట్లాడునది ఒక్క ముక్క అర్థము కాలేదు. ఎప్పుడు దిగుదుమో మొదట చెప్పి, ఎత్తు, వేగము తర్వాత చెప్పగలరని ప్రార్థన.' అప్పటి నుంచీ అలాగే చెబుతున్నాను.

వార్త తెలిసిన వారానికి సెలవు దొరికి కర్నూలు వెళ్లాను. బల్ల అక్కడే ఉంది. అమ్మ దాన్ని రోజూ తుడుస్తోంది, కుర్చీలో మాత్రం ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు. నన్ను చూసి, "నువ్వు కూచో," అంది. కూర్చున్నాను. టీ తెప్పించి రెండు గ్లాసులూ బల్లమీద పెట్టింది.

అప్పుడే వాయుసేనలో నాకు జూనియర్ అయిన ఒకబ్బాయి ఫోన్ చేశాడు. మైదుకూరు వైపువాడు. కొలువు ఇంకో ఏడాది ఉంది, అర్జీ రాసుకున్నాడు, ఒకసారి చూసి దిద్దమన్నాడు. పంపొద్దు, లేచి నిలబడి చదవమన్నాను. నవ్వాడు గానీ చదివాడు. బాగానే రాశాడు. వీధిలో బస్సులు పోతున్నాయి, ఫోన్ చెవికి అదిమిపెట్టి విన్నాను. గంటలు అయ్యాయి, పరీక్షలు అయ్యాయి. చివరికొస్తుండగా ఒక లైను దగ్గర ఆ అబ్బాయి కొంచెం తొందరపడ్డాడు.

నా చెయ్యి దానంతటదే పైకి లేచింది.

"ఆగప్పా," అన్నాను. "ఆడ గొంతు తగ్గింది."

నేను తొందరపెట్టలేదు. ఒక గ్లాసు టీ తాగి, రెండోది దగ్గరికి జరుపుకున్నాను.