గాలి తీసిన టైర్లు

జైసల్మేర్ దాటాక తారు రోడ్డు ఆగిపోయే చోట మా క్యాంపు. మే నెలలో దిగాను. ట్రంకు పెట్టె మీద చెయ్యి వేస్తే కాలేది. కృష్ణ ఒడ్డున భవానీపురంలో పెరిగినవాణ్ణి, ఇసుక నాకు కొత్తేమిటి అనుకున్నాను. అక్కడి ఇసుక వేరు. పిండిలా ఉంటుంది. నిలబడితే మడమలు దిగిపోతాయి. నేను హవల్దారుని. సరిహద్దు మీది ముందు పోస్టుకు వెళ్ళే బండ్లను సిద్ధం చేయించడం నా పని.

ఆ పోస్టులో రేడియో ఆపరేటరు పామర్రు మనిషి. ఒక సోమవారం పొద్దున అతని తమ్ముడు క్యాంపుకు ఫోన్ చేశాడు. తండ్రి పోయారు.

“అన్నయ్య పెద్దకొడుకండీ. తలకొరివి ఆయనే పెట్టాలి. నాన్నని ఐస్ బాక్సులో ఉంచామండీ. ఎల్లుండి మధ్యాహ్నం దాకా ఆగుతాం.”

గాలిదుమారం వల్ల హెలికాప్టర్ రాదన్నారు. అతన్ని తేవడానికి ఇక బండే దిక్కు. మంగళవారం రాత్రిలోగా క్యాంపు చేరిస్తే విమానంలో ఊరికి పంపొచ్చు. ఆరు గంటల దారి, అంతా దిబ్బలే. రెండు బండ్లు లేకుండా ఎవరూ కదలకూడదని ఆర్డరు. రెండో బండి వర్క్‌షాపులో ఉంది. అది కావాలని అడగ్గానే పెద్ద ఆఫీసరు సరే అన్నాడు, వర్క్‌షాపు వాళ్ళు మాత్రం సాయంత్రం దాకా బండి వదల్లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. పళ్ళు కొరుక్కుంటూనే నీళ్ళ క్యాన్లు, పారలు, చక్రాల కింద పరిచే ఇనప రేకులు, లాగే తాడు ఎక్కించాను. చివరికి సుబేదార్ సాబ్ అన్ని టైర్లలోనూ సగం గాలి తీయించాడు. మెత్తబడి వెడల్పయిన టైరు ఇసుకలో దిగబడదు.

ముందు బండి డ్రైవరుది ఉయ్యూరు. క్యాంపుకు కొత్త. పటాలంలో చేరకముందు ఫ్యాక్టరీకి చెరకు లారీ తోలినవాడు. గాలి తీసినప్పుడు అతను అక్కడ లేడు. మంగళవారం తెల్లవారుజామున వచ్చి, నాలుగు టైర్లూ చతికిలబడి ఉండటం చూశాడు. ఎవరితోనూ అనకుండా పంపు పెట్టి రాయిలా నింపేశాడు. చీకట్లో ఎవరికీ తెలియలేదు.

మొదటి దిబ్బ మీదే బండి దిగబడింది. రేగడి బురదలోంచి లారీ లాగినట్టు అతను యాక్సిలరేటరు తొక్కిపట్టాడు. ఇరుసు దాకా కూరుకుపోయింది. క్లచ్ ప్లేటు మాడిన వాసన వచ్చింది.

“టైర్లకి గాలెవడు కొట్టాడు?” అన్నాను.

“నేనేనండీ. తగ్గిపోయున్నాయి. లోడు బండి, దూరం పోవాలి గదా అని...”

“తగ్గిపోలేదయ్యా. తగ్గించాం.”

అతను పార తీసుకుని తవ్వడం మొదలుపెట్టాడు. తవ్వుతూనే ఏడ్చాడు. తిట్టాలని నోటిదాకా వచ్చింది, మింగేశాను. తవ్వి తీసేసరికే మధ్యాహ్నం దాటింది. రెండో బండితో దాన్ని లాక్కుని క్యాంపు చేరేసరికి పొద్దు వాలిపోయింది.

రేడియోలో పోస్టుని పిలిచాను. ఆపరేటరే పలికాడు.

“ఎక్కడిదాకా వచ్చారు సార్?”

“వెనక్కొచ్చాం. బండి పోయింది. వేరేది ఇస్తున్నారు. రేపు వస్తాం.”



“అయితే తమ్ముణ్ణే కొరివి పెట్టమనండి సార్. నా కోసం ఆగొద్దని చెప్పండి. ఎన్నింటికో కనుక్కోండి.”

ఫోన్ చేసి కనుక్కుని చెప్పాను. “పన్నెండింటికంట.”

“సరే సార్.”

ఆ ‘సరే’ విన్నాక వర్క్‌షాపు మీద, డ్రైవరు మీద, ఆ దిక్కుమాలిన ఇసుక మీద, అన్నిటి మీదా ఒకేసారి కోపం వచ్చింది. ఏం చేసుకోను ఆ కోపాన్ని.

బుధవారం మెత్తటి టైర్లతో ఒక్కచోట కూడా ఆగకుండా వెళ్ళిపోయాం. అంత సులువైన దారి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పోస్టు చేరేసరికి పన్నెండు దాటి కాసేపయింది.

అక్కడ నీళ్ళు తాగడానికే కొలిచి ఇస్తారు. పన్నెండు కొట్టగానే ఆపరేటరు బంకరు వెనక తలస్నానం చేశాడని కాపలా జవాను చెప్పాడు. అందరూ తమ తాగే నీళ్ళలోంచి తలో మగ్గు పోశారట. అతను తడి బట్టలతోనే వచ్చి సెల్యూట్ చేశాడు.

“నీళ్ళు తెచ్చారా సార్? ముందు వీళ్ళకివ్వండి. పొద్దుట్నుంచి గొంతు తడుపుకోలేదు.”

తర్వాత నేను పింఛనుతో ఇంటికొచ్చేశాను. బోర్డరు అనగానే ఇక్కడివాళ్ళు తుపాకుల గురించి అడుగుతారు. నేను ఏదో ఒకటి చెబుతాను. నాకు కనపడేది బంకరు వెనక తడిసిన చారెడు ఇసుక, అందులో దక్షిణానికి తిరిగిన రెండు పాదాల గుర్తులు. నేను చూస్తుండగానే ఎండిపోయాయి.