ఇశ్రాయేలు అనే మేక

నా చిన్నప్పుడు మాదాపూర్‌లో అద్దాల మేడలు వేళ్లమీద లెక్కపెట్టేటన్నే ఉండేవి. మిగతాదంతా బండలు, ఎర్రమట్టి, తుమ్మచెట్లు. మేం మెదక్ దిక్కు నుంచి పనికోసం వచ్చినవాళ్లం. మా నాన్న ఆ మేడలకు సెంట్రింగ్ పని చేసేవాడు, అమ్మ ఇటుకలు మోసేది. మా రేకుల ఇంట్లో మేం ముగ్గురం కాక మా నాయనమ్మ ఉండేది, మా అందరికంటే ఎక్కువ గౌరవం అనుభవించే ఒక మేక ఉండేది.

మా నాయనమ్మకు అక్షరం రాదు. కానీ చర్చిలో చదివిన పాత నిబంధన అంతా చెవిన పడింది పడినట్టు ఆమె తలలో నిలిచిపోయింది. దేవుడు ఇశ్రాయేలు జనాన్ని చెయ్యి పట్టి నడిపించడం, వాళ్లు కడుపు నిండగానే ఆయన్ని మరిచిపోయి ఇంకెవరి వెంటో పోవడం, ఇవన్నీ నిన్న సాయంత్రం మా గల్లీలో జరిగినట్టే చెప్పేది. మేక తాడు తెంపుకొని పోయినప్పుడల్లా, "ఓ ఇశ్రాయేలూ, ఏడ వోయినవే? నీకేం తక్కువ చేసిన్నే నేను?" అని బండల మధ్య పిలుచుకుంటూ తిరిగేది. అలా దానికి ఆ పేరే ఖాయమైంది.

అది ఎక్కడికి పోయేదో మా అందరికీ తెలుసు. దగ్గర్లోని అద్దాల మేడ ముందు అప్పుడే పచ్చగడ్డి పరిచారు. చాప చుట్టినట్టు గడ్డిని చుట్టి లారీలో తెచ్చి, నేలమీద విప్పి పరుస్తుంటే మేం పిల్లలమంతా చూసి తెగ నవ్వుకున్నాం. ఇంట్లో నాయనమ్మ దానికి కుడితి కలిపేది, తుమ్మకాయలు ఏరుకొచ్చేది, తన జొన్నరొట్టెలో సగం పెట్టేది. అది మాత్రం అన్నీ తిని, మూతి తుడుచుకొని ఆ చాపగడ్డి దగ్గరికి పోయేది. తిన్నాక ఊరుకునేదీ కాదు. అద్దంలో కనబడే ఇంకో మేకతో సోపతి కట్టింది. దాని ముందు నిలబడి గంటల తరబడి అరిచేది.

గేటు దగ్గర కాపలా ఉండే వాచ్‌మన్ తాతకు నాయనమ్మ అప్పుడప్పుడూ మక్కగారెలు ఇచ్చి మేకను వెనక్కి తెచ్చుకునేది. ఆ తాత ఒకసారి ఆమెను పక్కకు పిలిచి, "ఇజ్రాయేలంటే ఫారిన్ జాతా అవ్వా? పాలు మస్తుగ ఇస్తదా?" అని అడిగాడు. నాయనమ్మ మేక తాడు చేతికి చుట్టుకుంటూ, "అక్కడైతే పాలూ తేనే పారుతయని చెప్తరు గాని, ఇది పాలే సరిగ్గ ఇయ్యది" అంది.

మేకను తెచ్చిన ప్రతి సాయంత్రం నాయనమ్మ ఒక ప్రవక్త కథ చెప్పేది. ఆ ప్రవక్త భార్య ఇల్లు విడిచి పోతూనే ఉండేదట. పోయి తెచ్చుకో అని దేవుడే ఆయనతో చెప్పాడట, నా జనం నాతో ఇట్లనే చేస్తున్నరు, నేను వాళ్లను తెచ్చుకుంటలేనా, నువ్వూ తెచ్చుకో అన్నాడట. తెచ్చినాక ఆయన తిట్టాడా అని నేను అడిగాను. "తిట్టకుంట ఎట్లుంటడే? తిట్టిండు. తిట్టి బువ్వ వెట్టిండు" అంది నాయనమ్మ. వాళ్లకు పుట్టిన ఒక పిల్లవాడికి 'నా జనం కాదు' అని పేరు పెట్టించాడట దేవుడు, ఆ జనం మీద కోపంతో. నాకు ఆ పిల్లవాణ్ని తలచుకుంటే పాపం అనిపించేది. బళ్లో సారు హాజరు పిలిచేటప్పుడు 'నా జనం కాదు' అంటే వాడు లేచి 'ఉన్నాను సార్' అనాలి కదా. తర్వాత దేవుడే మనసు కరిగి 'నా జనం' అని పేరు మార్చాడని నాయనమ్మ చెప్పేవరకూ నాకు నిద్ర పట్టేది కాదు.

నేను నాలుగో తరగతిలో ఉండగా ఒకరోజు మా సారు పిల్లలందరినీ వరసగా ఆ అద్దాల మేడ చూపించడానికి తీసుకెళ్లాడు. అప్పటికే నేను మా నాన్న ఆ మేడలోనే పనిచేస్తాడని క్లాసులో చెప్పి ఉన్నాను. అది అబద్ధం కాదు, కట్టేటప్పుడు చేశాడు. కుర్చీలో కూర్చొని చేస్తాడని వాళ్లు అనుకుంటే నేను వద్దనలేదు, అంతే.

టై కట్టుకున్న ఒక ఆఫీసరు వచ్చి మాకు కంప్యూటర్ల గురించి చెబుతున్నాడు. అంతలో మా మేక నోట్లో ఒక బంతిపువ్వుతో మేడ పక్కనుంచి తిరిగి వచ్చింది. దాని వెనక పూలమడి అంతా గొర్రు తోలినట్టు ఉంది. ఆఫీసరు ముఖం ఎర్రబడింది. "ఎవరిదండీ ఈ మేక?" అన్నాడు. వాచ్‌మన్ తాత ఆకాశం చూశాడు. మేక నన్ను చూసింది. సంతోషంగా వచ్చి నా జడకున్న ఎర్ర రిబ్బన్ నమలడం మొదలుపెట్టింది.

"ఏంది, మీ మేకనా?" అన్నాడు సారు.

"మాది కాదు సార్" అన్నాను.

"మరి నీ రిబ్బన్నే ఎందుకు తింటున్నది?"

"ఎర్రరంగంటే దానికి పాణం సార్" అన్నాను. మాది కాని మేకకు ఏ రంగు ఇష్టమో నాకెలా తెలుసని ఎవరూ అడగలేదు. క్లాసంతా మాత్రం నవ్వింది.

ఆఫీసరు మేకను వెనక కట్టేయించాడు. రేపటిదాకా ఎవరూ రాకపోతే మేడకు రంగులేసే వాళ్లకు ఇచ్చేయమన్నాడు. వాళ్లు ఆదివారం దావత్ గురించి అప్పుడే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కార్జం ఎవరి వంతు అనేదాకా వెళ్లింది మాట. అప్పుడైనా నోరు తెరవవచ్చు. తెరవలేదు.

బడి నుంచి ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ బండల మధ్య తిరుగుతూ పిలుస్తోంది. నేనూ ఆమె వెంట తిరుగుతూ, దొరకదని తెలిసిన చోటల్లా శ్రద్ధగా వెతికాను. ఆమె గొంతు బొంగురుపోయింది. ఇక ఆగలేక, "ఆ అద్దాల మేడ వెనక ఉన్నదేమో" అన్నాను. ఆమె నా ముఖం చూసి, నా చెయ్యి పట్టుకొని అటు నడిచింది.

గేటు దగ్గర వాచ్‌మన్ తాత మమ్మల్ని ఆపి గొంతు తగ్గించాడు. "అవ్వా, ఆఫీసరు సారు మంట మీదున్నడు. మేక మాదంటే పూలమడి మొత్తం నీతోటే నాటిపిస్తడు. తెల్వదని చెప్పి పో. పొద్దుగాల వెనక గేటుకెళ్లి నేనే ఇడిచిపెడుత. జర సమజ్ చేస్కో."

"నాదాన్ని పట్టుకొని నాది కాదని ఎట్లంటరా తమ్మీ" అంది నాయనమ్మ.

"ఎందుకనరాదు? నీ మనుమరాలు అననే అన్నది గద, అందరి ముంగట" అన్నాడు తాత.

ఆ మాట విన్నాక నేను నేలలోకి పోదామని చూశాను గాని, మాదాపూర్ నేలంతా బండ. అప్పుడే ఆఫీసరు బయటికి వచ్చాడు. నాయనమ్మ చేతిలోని మేక తాడును చూసి, నన్ను గుర్తుపట్టాడు. "మామ్మగారూ, ఈ పాప మీ మేక కాదని చెప్పిందండీ. మరి ఎవరి మాట నమ్మమంటారు?" అన్నాడు.

నాయనమ్మ నా వైపు తిరగలేదు. కొంగు నడుముకు చెక్కుకొని, "మేక మాదే సారూ" అంది. తర్వాత చెయ్యి వెనక్కి చాపి నా భుజం పట్టుకొని ముందుకు లాగింది. "అబద్ధమాడిన ఈ పోరి గూడ మాదే. గునపం ఏడున్నది?"

ఆఫీసరు గునపం, బంతినారు తెప్పించాడు. పొద్దు వాలేదాకా ఆమె తవ్వింది, నేను నాటాను. పది రోజులు పొద్దున్నే వెళ్లి నీళ్లు పోశాం. దారిపొడుగునా నాయనమ్మ నన్ను తిట్టింది. బావి దగ్గర తిట్టింది, బిందె ఎత్తేటప్పుడు తిట్టింది. ఇంటికి వచ్చాక తన రొట్టెలో సగం తుంచి నా పళ్లెంలో వేసింది. ఆ సగం మేకదని నాకు తెలుసు. మేకకూ తెలుసు, అది నన్ను గుర్రుగా చూసింది. దానిలో మాత్రం ఏ మార్పూ రాలేదు. పదకొండో రోజు మళ్లీ తాడు తెంపుకొని పోయింది. మేం మళ్లీ పోయి తెచ్చుకున్నాం.

ఆ తర్వాత నా చదువు ఎక్కువ సాగలేదు. చర్చిలో పెద్ద పెద్ద మాటలు చెప్పేటప్పుడు నాకు సగం అర్థం కావు. దేవుడు నమ్మదగినవాడు అన్నప్పుడు మాత్రం భుజం మీద మట్టిచెయ్యి పడ్డట్టు ఉంటుంది. నేనెన్నిసార్లు ఆయన ముందు మాట తప్పానో నాకు తెలుసు. ప్రార్థనకు కూర్చోవడానికి ముఖం చెల్లని రోజున కూడా అందుకే కూర్చుంటాను.

ఇప్పుడు మా ఇంట్లో నలుగురు పిల్లలకు నేను పెద్దదిక్కును. బడి నుంచి ఫోన్ వచ్చి, ఫలానా పిల్లవాడు మీవాడేనా అని అడిగితే, ముందు మావాడే అంటాను, ఏం చేశాడని తర్వాత అడుగుతాను. మొన్న అలాగే మావాడే అని, ఆటో పట్టుకొని పోయి చూస్తే వాడు మావాడు కాదు. పేరు కలిసింది. కిటికీ అద్దం పగలగొట్టి, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా చేసుకొని కూర్చున్నాడు. ఫోన్‌లో మావాడే అని ఒప్పుకున్నాక ఇంకేం చేస్తాను? వాళ్లమ్మ వచ్చేదాకా వాడి పక్కన కూర్చొని, వాడి తరఫున నాలుగు చీవాట్లు తిన్నాను.