రెండోసారి నొక్కిన బటన్

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఆడడానికి నాలుగు సెకన్లు కూడా పట్టలేదు. దించుకోవడానికే ఇంతకాలం పట్టింది. ఇన్నాళ్లూ ఇంట్లో చెప్పలేదు, తోటివాళ్లకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి కొంచెం ధైర్యంగా ఉంది.

నేను సినిమాల్లో సౌండు పట్టేవాణ్ణి. నా పేరు మీరు చూసి ఉండరు. బొమ్మ అయిపోయి పేర్లు పడుతున్నప్పుడు మీరు సీటు కింద చెప్పులు వెతుక్కుంటుంటారు చూడండి, అప్పుడు వస్తుంది. అందులో తప్పు పట్టడానికేం లేదు. బయటికొచ్చినవాళ్లు కెమెరా బాగుందంటారు, హీరోయిన్ బాగుందంటారు. సౌండు బాగుందని ఎవరంటారు? బాగాలేకపోతేనే గుర్తొస్తుంది. కానీ ఒక్కసారి టీవీ గొంతు పూర్తిగా తగ్గించి, ఏడుపు సీను ఏదైనా చూడండి. ఎవరో మనిషి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటాడు. మీకేమీ అనిపించదు. ఆ మనిషిని మీ దగ్గరికి తెచ్చేది చప్పుడే. ఇది నాకు బాగా తెలుసు. తెలిసీ చేశాను కాబట్టే ఇంత బాధ.

మాది నిజామాబాద్. మా బాపుకు, అంటే నాన్నకు, మైకు సెట్టు దుకాణం ఉండేది. పెళ్లిళ్లకు, దర్గాల ఉర్సులకు, ఎన్నికలకు అద్దెకిచ్చేవాళ్లం. వైర్ల మధ్యే పెరిగాను. హైదరాబాద్ వెళ్లి రెండు మూడు సినిమాలకు చేతికింద పనిచేశాక, ఒక కొత్త డైరెక్టర్ చిన్న సినిమా తీస్తూ నన్ను పిలిచాడు. మా బోధన్ వైపే షూటింగు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు కూలీల బతుకు ఏమైందన్నది కథ. మామూలుగా మాటలన్నీ తర్వాత స్టూడియోలో మళ్లీ చెప్పిస్తారు. ఈయన మాత్రం ఆ మనుషుల మాట అక్కడికక్కడే, వాళ్ల గొంతుతోనే కావాలన్నాడు. "సౌండు నీదే భారం" అన్నాడు. నాకు ఒళ్లు పొంగిపోయింది. మొదటిసారి మొత్తం సౌండు నా ఒక్కడి చేతిలో.

బోధన్‌కూ కోటగిరికీ నడుమ ఉన్న ఒక ఊళ్లో దిగాం. హీరో తల్లి వేషానికి డైరెక్టర్ ఆ ఊరి మనిషినే తీసుకున్నాడు. ఆమెను మార్తవ్వ అని పిలుస్తాను. అసలు పేరు వేరు. అరవై దాటిన మనిషి, చెరుకు కొట్టి కొట్టి చేతులు గట్టిపడ్డాయి, ముందు పళ్లు నాలుగు లేవు. ఆదివారం వాళ్ల చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. మైకు లేకుండా ఆమె మొదటి చరణం ఎత్తుకుంటే రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగేవాళ్లు. నేనూ ఆగాను, అందుకే తెలుసు.

మొదటి రోజు నా మైకును చూసి పగలబడి నవ్వింది. గాలి తగలకుండా మైకుకు బూడిదరంగు బొచ్చు తొడుగు వేస్తాం. "గిదేంది బిడ్డా, పిల్లిని పట్టి కట్టెకు కట్టినవ్?" అంది. ఆ రోజు నుంచి యూనిట్ మొత్తం దాన్ని పిల్లి అనే పిలిచింది. ఇప్పటికీ నేను పిల్లి అనే అంటాను.

ఆమె నాకు చేసిన మేలు ముందు చెప్పాలి. లేకపోతే నేను చేసిన పని ఎంత నీచమో మీకు అర్థం కాదు. చెరుకు తోటలో చప్పుడంటే నాకు అప్పటిదాకా ఒక్కటే, గాలికి ఆకు గలగల. ఆమె నన్ను గట్ల వెంట తిప్పి వినిపించింది. పొద్దున మంచుకు తడిసిన ఆకు పలకదు, ఒట్టిగా తలూపుతుంది. మధ్యాహ్నం ఎండిన ఆకు గీరినట్టు పలుకుతుంది. మంచి గడను కొడితే కత్తికి ఒక చప్పుడు, పురుగు తిన్న గడకు ఇంకొకటి. కాలువ నీళ్లు మడిలోకి రాకముందే వినబడతాయట. "చెవి కిందికి పెట్టు, గట్ల నిలబడితె ఏం ఇనవడ్తది?" అని మట్టిలో కూర్చోబెట్టింది. కూర్చున్నాను. నిజంగానే వినబడ్డాయి. ఈ రోజుకీ నేను తినే అన్నం ఆ చెవులతో సంపాదించిందే. అవి ఆమె పెట్టిన భిక్ష.

ఇక ఆ రోజు.

కొనేవాళ్లు లేక నిలబడిపోయిన చెరుకును కొడుకు తగలబెడతానంటాడు. తల్లి అడ్డుపడుతుంది. సీను అంతే, కాగితం మీద నాలుగు లైన్లు. కానీ చుట్టూ బోరు మోటార్లు. అవి ఆగితే తప్ప మాట పట్టడం కుదరదు. మేం అడిగితే రైతులు వినలేదు. మార్తవ్వే వెళ్లింది, ఎండలో, ఏడు మోటార్ల దగ్గరికి. ఎవరిని బతిమాలిందో, ఎవరిని తిట్టిందో తెలియదు. ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరిది ఆగగానే ఎంత నిశ్శబ్దం! ఆ నిశ్శబ్దం కూడా కావాలని, ఎవరూ చెప్పకముందే రికార్డు బటన్ నొక్కాను.

రెండు నిమిషాలకు డైరెక్టర్ "సౌండ్!" అని అరిచాడు. అలవాటు. చెయ్యి దానంతటదే పోయి బటన్ మళ్లీ నొక్కింది. ఆ మిషన్‌లో ఒకసారి నొక్కితే మొదలవుతుంది, రెండోసారి నొక్కితే ఆగిపోతుంది. "రోలింగ్" అన్నాను నేను, మిషన్ నడుస్తోందని, ధీమాగా.

మార్తవ్వ కాగితం మీది నాలుగు లైన్లు చెప్పింది. ఆ తర్వాత ఆగలేదు. ఎవరూ రాయని మాటలు చెప్పింది. మిషన్ నడవకపోయినా హెడ్‌ఫోన్‌లో వినబడుతూనే ఉంటుంది, అందుకే నాకు అనుమానం రాలేదు. ఆమె ఊపిరి, పళ్ల సందుల్లోంచి వచ్చే గాలి, అన్నీ నా చెవిలోనే. "కూత ఇని ఎసరు పెడుతుంటి బిడ్డా. కూత ఇని పోరగాండ్లను లేపుతుంటి. ఇప్పుడు ఫ్యాక్టరీ కూత లేదు. పొద్దు పోయింది ఎర్కలేదు, ఈడు పోయింది ఎర్కలేదు." కెమెరామన్ కళ్లు తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను. ఏడుస్తూ కిందికి చూశాను. రికార్డవుతుంటే వెలగాల్సిన ఎర్ర లైటు వెలగడం లేదు.

బటన్ రెండోసారి నొక్కానని అప్పుడు గుర్తొచ్చింది.

"సౌండ్ ఓకేనా?" డైరెక్టర్ గొంతు బొంగురుగా ఉంది. ఒక్క మాట చాలు. పడలేదన్నా, ఇంకొక్కసారి చేద్దాం. ఎందుకనలేదు? మోటార్లు మళ్లీ మొదలయ్యాయనా? వెలుతురు తగ్గుతోందనా? అవన్నీ తర్వాత నాకు నేను చెప్పుకున్నవి. నిజం ఒక్కటే. అందరూ ఏడుస్తున్నచోట నేనొక్కణ్ణే దద్దమ్మనని ఒప్పుకోలేకపోయాను. "ఓకే" అన్నాను. మార్తవ్వ నా దగ్గరికొచ్చి, "మంచిగ పలికిన్నా బిడ్డా?" అనడిగింది. తల ఊపాను.

ఎడిటింగ్‌లో ఫైల్ ఏదని అడిగారు. అడుగుతారని తెలిసి అంతకుముందు మూడు రోజులు ఒక అబద్ధాన్ని నూరి పెట్టుకున్నాను. "మైకులో మాట ముద్దగా వచ్చిందన్నా. పళ్లు లేవు కదా, ఒక్క ముక్క అర్థం కాలేదు. పనికిరాదని తీసేశా." డైరెక్టర్ నన్ను తిట్టాడు, ఉంచాల్సింది కదా అని. కానీ ఎదురుగా విన్నది వేరు, మైకులో పడేది వేరనుకుని నమ్మాడు. ఎందుకు నమ్మడు? సౌండువాడి తప్పు సౌండువాడికి తప్ప ఎవరికి తెలుస్తుంది?

ఆమె ఏం చెప్పిందో ఎవరూ రాసుకోలేదు, గుర్తున్న నేను చెప్పలేదు, కాబట్టి పెదాలకు మాట కలపడం కుదరలేదు. ఆ ముఖం తీసేశారు. ఆమె వీపు కనబడే దూరపు షాట్ ఒకటి పెట్టి, హైదరాబాద్‌లో ఒకావిడ చేత కాగితం మీది నాలుగు లైన్లు చెప్పించారు. మిగతా సీన్లలో కూడా గొంతు ఒకేలా ఉండాలి కదా, అన్నిటికీ ఆవిడే చెప్పింది. అలా ఒక్క బటన్‌తో మొదలై మార్తవ్వ గొంతు సినిమాలో ఎక్కడా మిగల్లేదు.

నిజామాబాద్‌లో మార్నింగ్ షోకు ఊరివాళ్లను వ్యానులో తీసుకొచ్చాం. మార్తవ్వ క్రిస్మస్‌కు కొన్న చీర కట్టుకొచ్చింది. నేను ఆమె వెనక వరసలో కూర్చున్నాను. తెర మీద ఆమె నోరు తెరిచి, వేరే గొంతు వచ్చినప్పుడు, పక్కనున్న ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. ఆమె తల కదల్లేదు. సినిమా అయ్యేదాకా కదల్లేదు.

బయట మెట్ల దగ్గర నన్ను పట్టుకుంది.

"గా గొంతు ఎవరిది బిడ్డా?"

"హైదరాబాద్‌ల ఒకామెది అవ్వా."

"మరి నాదేమాయె?"

నోరు తెరిచాను, తెరవకపోయినా బాగుండేది. "నీది సాఫ్‌గ రాలేదవ్వా. పండ్లు లేవు గద. మాట ముద్దగ వచ్చింది."

ఆమె కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. "నిజమే బిడ్డా. నా నోరే గంత. మీ అందరికి తక్లీఫ్ ఇచ్చిన, ఏమనుకోకు" అంది.

నాకు క్షమాపణ చెప్పింది. ఆమె, నాకు.

ఆ సినిమా ఎక్కువ రోజులు ఆడలేదు కానీ చూసినవాళ్లు ఒకమాటన్నారు, చెరుకు తోట చప్పుడు అద్భుతమని. ఎవరో రాశారు కూడా. ఆ పేరుతో నాకు పనులొచ్చాయి, ఒకదాని తర్వాత ఒకటి. ఎవరు నేర్పిన చప్పుడది? ప్రతి మెప్పుకూ లోపల ముల్లు గుచ్చుకునేది. మళ్లీ పనిలో పడి మరిచిపోయేవాణ్ణి. మరిచిపోయానని అనుకునేవాణ్ణి.

రెండేళ్ల తర్వాత వేరే సినిమాకు చెరుకు లోడింగు చప్పుడు కోసం ఆ ఊరికే వెళ్లాను. ఆదివారం. చర్చి ముందు నిలబడ్డాను. పాట ఎవరో చిన్నామె ఎత్తుకుంది, సన్నగా. మార్తవ్వ కోడలు గుర్తుపట్టి పలకరించింది. "అత్త ఇప్పుడు ఎత్తుకుంటలేదన్నా. సినిమ సూసొచ్చినకాంచి గంతే. నా నోరు మంచిగ లేదు, ఎవ్వలికి సమజ్‌గాదంటది. ఎనక కూసుంటది." నేను సరేనన్నాను. సరేనన్నానండీ! లారీ దగ్గరికి పోయి, నా చప్పుడు నేను పట్టుకుని, బస్సెక్కాను. మొదటి అబద్ధం భయంతో ఆడాను అనుకుందాం. ఇదేమిటి? దీనికి పేరు పెట్టలేకపోయాను.

మొన్న మా అమ్మాయి ఫోన్‌లో తన గొంతు తాను విని, "నాన్నా, నా గొంతు చండాలంగా ఉంది" అని ఇక స్కూల్లో పాడనంది. చండాలంగా లేదురా అంటూనే నాకు ఏడుపొచ్చింది. అది బిత్తరపోయింది. మర్నాడు పొద్దున్నే బోధన్ బస్సెక్కాను.

మార్తవ్వ ఇంటి ముందు కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. బాగా వంగిపోయింది. గుర్తుపట్టింది. "పిల్లి పిలగాడు" అంది. నిలబడే చెప్పాను. బటన్ గురించి, ఎర్ర లైటు గురించి, ఓకే అనడం గురించి. నీ మాట ముద్దగ రాలేదవ్వా, నేనసలు పట్టనే లేదు, అబద్ధం చెప్పిన. ఆమె గింజ తీస్తూనే ఉంది.

"నీ చెవుల్ల ఇనవడ్డదా నేను చెప్పింది?"

"ఇనవడ్డదవ్వా. అంతా."

"ఏం చెప్పిన? నాకు యాది లేదు."

చెప్పాను. తొమ్మిదేళ్లుగా ఒక్క అక్షరం పోలేదు. కూత ఇని ఎసరు పెడుతుంటి, అని మొదలుపెట్టాను. తొందరలో మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"గట్ల గాదు. నువ్వు ముద్దగ చెప్తున్నవ్."

చింతపండు చేట పక్కకు పెట్టింది. నా మాటకు యాదికొచ్చిందేమో, నిటారుగా కూర్చుని, వాకిట్లోకి చూస్తూ, మొత్తం తానే చెప్పింది. కూత ఇని ఎసరు పెడుతుంటి బిడ్డా. కూత ఇని పోరగాండ్లను లేపుతుంటి. పళ్లు ఇంకా రెండు ఊడాయి. అయినా ప్రతి అక్షరం విడివిడిగా, ఖంగుమని. ఎదురింటామె బట్టలు ఆరేస్తూ ఆగిపోయింది. నా జేబులో ఫోను ఉంది. తీయలేదు. తీసే ముఖం లేదు.

చెప్పడం అయ్యాక చేట తీసుకుని లేచింది. పర్వాలేదు అనలేదు. ఎందుకు చేసినవ్ అనీ అనలేదు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. లోపలికి వెళ్లిపోయింది. కాసేపు అక్కడే నిలబడి, నడిచి రోడ్డు మీదికొచ్చాను.

ఆదివారాలు మళ్లీ పాట ఎత్తుకుంటోందో లేదో నాకు తెలియదు. అడిగే హక్కు లేదు. ఆమె నాకు చెవులిచ్చింది. బదులుగా నేను ఆమె గొంతు తీసుకున్నాను. ఇన్నేళ్లూ ఆమె దయతోనే బతికాను, ఇకముందూ బతుకుతాను, ఆ కృతజ్ఞత తీరేది కాదు. డైరెక్టర్‌కూ ఫోన్ చేసి చెప్పాను. ఆయన పెట్టేశాడు. ఇప్పుడు మీకు కూడా చెప్పాను. మీలో ఎవరైనా ఆ సినిమా చూసి ఉంటే, ఆ వీపు షాట్ గుర్తుంటే, దయచేసి ఒక్కటి తెలుసుకోండి. ఆమె గొంతు బాగుంది. తప్పు నాది.