పంతులమ్మ గారు అడిగిన మాట

చెప్పుల దుకాణంలో కొత్త తోలు వాసన తగిలితే చాలు, టెక్కలిలో మా మిషన్ బడి ఆడపిల్లలం తోలు బంతితో ఆడిన బుట్టబంతి గుర్తొస్తుంది. కొబ్బరి మానులకు అడుగు తీసేసిన వెదురుబుట్టలు కట్టేవారు.

ఆ రోజు మందస నుంచి వచ్చిన పిల్లలతో పోటీ. మా పంతులమ్మ గారితో పాటు తీర్పు చెప్పాల్సిన రెండో పంతులమ్మ రాలేదు. మా పంతులమ్మ గారు కొంగు బిగించి, ఈల అందుకుని, "నానొక్కదాన్నే సూత్తాను, ఆడండి" అన్నారు.

చివర్లో, ఇరు జట్లూ సమానంగా ఉండగా, బంతి మా బుట్ట దగ్గర గీత దాటింది. "మాదే!" అని రెండు జట్లూ అరిచాయి. ఆవిడ అటు చివర నుంచి పరుగెత్తుకొచ్చి నన్నడిగారు.

"నిజం సెప్పమ్మా, ఆకర్న నీ సెయ్యి తగిలిందేటి?"

ఆవిడ అంతా చూసి కూడా నన్ను పరీక్షిస్తున్నారనుకున్నాను. "తగిలిందమ్మగారూ" అన్నాను. బంతి వాళ్లకిచ్చారు. వాళ్లు బుట్టలో వేశారు. మేం ఓడిపోయాం. నా జట్టు పిల్లలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తెలిసి కూడా నా నోటితోనే చెప్పించారని ఆవిడ మీద చాలాకాలం కోపం పెట్టుకున్నాను.

తర్వాత నేనూ పంతులమ్మనయ్యాను. ఒక్కదాన్నే ఆట నడిపిన మొదటి రోజే తెలిసింది, ఒక చివర నిలబడితే రెండో చివర గీత కనిపించదని. ఆ రోజు ఆవిడ నిజంగానే చూడలేదు, అందుకే అడిగారు. నేను చెప్పగానే, మరో మాట లేకుండా నమ్మారు.