చెప్పకుండా గడప దాటే షాట్

ఇప్పటికీ ఎవరైనా చెప్పకుండా గుమ్మం దాటితే నాకు భయం.

మా సినిమా కోర్సులో మాటల్లేని చిన్న ఫిల్మ్ తియ్యమన్నారు. ఒక మనిషి ఇల్లు వదిలి వెళ్ళిపోతాడు, అంతే కథ. పలాసలో పెళ్ళి వీడియోలు తీసే అతని టేపు కెమెరా అడిగి తెచ్చుకుని, అక్కుపల్లి దగ్గర మావయ్య ఇంటికి వెళ్ళాను. వెళ్ళిపోయే మనిషి మావయ్యే.

అప్పటికే కిడ్నీలు పాడై విశాఖ ఆస్పత్రికి తిరుగుతున్నాడు. మనిషి సగమయ్యాడు గానీ వేళాకోళం తగ్గలేదు. "ఈరోయిన్ ఎవులు అల్లుడా?" అని అడిగి అత్త చేత చీవాట్లు తిన్నాడు.

ఇంట్లో కెమెరా పెట్టి యాక్షన్ అన్నాను. మావయ్య చెప్పులేసుకుని, గడప దాటి, వెనక్కి తిరిగి "ఎల్లొత్తానే" అన్నాడు.

"మావయ్యా, మాట్లాడకూడదు!"

"ఓర్నీ, మర్సిపోనాను" అని నవ్వుతూ వెనక్కి వచ్చాడు. మళ్ళీ తీస్తే మళ్ళీ అదే మాట. బుద్ధెరిగాక చెప్పకుండా ఇల్లు కదలని మనిషాయె. ఎండ వాలిపోతోంది, నాకు ఒళ్ళు మండింది. చివరికి నోట్లో వక్కపొడి పోసుకోమన్నాను. ఈసారి మాట రాలేదు. జీడితోటలో కనబడకుండా పోయేదాకా ఆయన వీపునే తీశాను.

అత్తకు కోపమొచ్చింది. "ఏటి పనిరా ఇది? ఆస్పత్రికి తిరిగీ మనిషిని సెప్పకుండా పంపించీసినావు" అంది. ఆయన్ని కేకేసి పిలిచి, కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. నాకు నవ్వొచ్చింది.

వానలు పడకముందే మావయ్య పోయాడు. విశాఖకు చివరిసారి జీపెక్కించిన పొద్దున ఆయనకు స్పృహ లేదు. అత్తకు చెప్పి వెళ్ళలేదు.

పెద్దకర్మ అయ్యాక అత్త ఆ సినిమా చూస్తానంది. కెమెరా మళ్ళీ తెచ్చి టీవీకి తగిలించాను. తోటలోకి పోతున్న వీపు కనబడగానే మొహం తిప్పేసుకుంది.

"ఇది కాదురా. సెడిపోయినవని తిట్టినావు కదా, అవి పెట్టు."

టేపు వెనక్కి తిప్పాను. మావయ్య గడప దాటి "ఎల్లొత్తానే" అన్నాడు.

"బేగి రా" అంది అత్త, టీవీ కేసి చూస్తూ.

ఆయన నవ్వుతూ ఇంటి వైపు తిరిగాడు. గడప మీద కాలు పెట్టాడు.

"ఆపీయ్" అంది. "అక్కడే ఆపీయ్."

ఆపాను. బొమ్మ వణుకుతూ నిలబడింది. ఒకేచోట ఆపి ఉంచితే టేపు అరిగిపోకుండా కాసేపటికి ఆ కెమెరా తనే ఆగిపోతుంది, తెర మీద బొమ్మ పోతుంది. ఆ సంగతి అత్తకు చెప్పలేక, బటన్ మీద వేలుంచి కూర్చున్నాను.