గడ్డి కింద నేల

మా బావతో వేగడం ఆ వారం నావల్ల కాలేదు. ఆయన కూతురు ఇండియా రగ్బీ జట్టుతో పరాయి దేశంలో ఆడబోతోంది. నరసన్నపేట టీకొట్టులో మాకదే ముచ్చట. ఎవరు పరిగెడతారో, ఎవరు ఎవరిని పడగొడతారో మేం వాదించుకుంటుంటే, ఆయన మధ్యలో దూరి ఒక్కటే అడిగేవాడు.

"అక్కడ నేల మెత్తగుంటాదేటి?"

పచ్చటి మైదానాన్ని ఫోన్లో చూపించినా వినడు. అరచేత్తో బల్లను నొక్కుతూ, "గడ్డి కాదురా, దాని కింద నేల" అనేవాడు.

మ్యాచ్‌కి ముందురోజు కసిరేశాను. "గెలుస్తారా అని ఒక్కపాలైనా అడిగినావేటి బావా?"

"గెలుపు మీరు సూసుకోండిరా. ఇక్కడయితే పిల్ల ఆటలో పడతాదని మడి దున్ని ఉంచీవోడ్ని. అక్కడెవులు దున్నుతారు?"